ఎంగిలి గాజు

ఆ గాజు పలక మీద పడిన మొదటి ఎంగిలి వేలు నాది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చిక్కబళ్ళాపురంలో నన్ను ఇంట్లో ఉంచుకున్న పిన్నికి చెప్పలేదు, బాగేపల్లిలో ఉన్న అమ్మకు చెప్పలేదు. మధ్యాహ్నం ఏం తిన్నానో, ఏ పుస్తకంలో ఎన్ని పేజీలు చదివానో కూడా వదలకుండా డైరీలో రాసుకునే దాన్ని, ఆ రోజు మాత్రం "ఈ రోజు గాజు బిగించారు. పని చేసింది" అని రెండు ముక్కలు రాసి మూసేశాను. ఆ తర్వాత ఐదు నెలల పాటు ఊరివాళ్ళ ఉమ్మి తుడుస్తూ, వాళ్ళను అసహ్యించుకుంటూ పేజీలకు పేజీలు రాశాను. మొదటిది నాదేనని ఒక్క చోటా రాయలేదు.

మూడేళ్ళ కిందటి మాట. చింతామణిలో మేనత్త ఇంట్లో ఉండి టైపింగ్ పరీక్షలు రెండూ పాసయ్యాను. పిన్ని మాట సాయంతో చిక్కబళ్ళాపురం బజారు వీధిలో ఒక పూజా సామాన్ల అంగట్లో పని దొరికింది. అంగడి ముందు భాగంలో కర్పూరం, ఊదుబత్తులు, విభూతి పొట్లాలు, రాగి చెంబులు, పంచాంగాలు అమ్మేవాళ్ళు. పక్కనున్న చిన్న గదిలో కంప్యూటర్ ఉండేది. పుట్టిన రోజు, వేళ, ఊరు చెబితే ఆ కంప్యూటర్ జాతకం కట్టి కాగితం మీద అచ్చు వేసి ఇచ్చేది. ఆ వింత చూడడానికి దిబ్బూరహళ్ళి నుంచి, చింతామణి నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్ళు. వాళ్ళు చెప్పింది కీబోర్డు మీద కొట్టడం నా పని.

నాకు ఆ కీబోర్డు ఎంత ఇష్టమో ఎవరికీ తెలియదు. కొత్తవాళ్ళ ముఖం చూసి మాట్లాడాలంటే నాకు చేతకాదు. అక్కడ ఆ అవసరం లేదు. వాళ్ళు చెబుతుంటారు, నేను తల వంచుకుని కొడుతుంటాను. తల ఎత్తకపోతే పొగరు అని ఎవరూ అనరు, పని మీద శ్రద్ధ అనుకుంటారు. జనం లేనప్పుడు సొరుగులో దాచుకున్న లైబ్రరీ పుస్తకం తీసి చదువుకునేదాన్ని. ఇంట్లోనూ బయటా కలిపి నాకంటూ ఉన్న చోటు ఆ కుర్చీ ఒక్కటే.

ఒకరోజు యజమాని బెంగుళూరు నుంచి అట్టపెట్టెతో దిగాడు. ఆయన నలభై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ హడావుడి. వాళ్ళ బావమరిది పనిచేసే చోట ప్రదర్శనకు పెట్టిన ఒక యంత్రాన్ని విప్పేశారట, అందులోంచి వచ్చిన గాజు పలక అది. టీవీ ముఖంలాగే ముందుకు కొంచెం ఉబ్బి ఉంది. నాలుగు మూలల నుంచి వెంట్రుకల్లాంటి తీగెలు బయటికి వచ్చి ఒక చిన్న డబ్బాలో కలుస్తాయి. దాన్ని మన మానిటర్ ముఖానికి అతికించి, డబ్బా తీగె కంప్యూటర్ వెనక తగిలిస్తే, తెర మీద వేలు పెట్టిన చోటల్లా అది పలుకుతుందట.

"ఇంకమీద కీబోర్డు అక్కర్లేదమ్మా" అన్నాడు యజమాని. "వచ్చినోళ్ళే తాకతారు. నెల తాకితే నెల, తేదీ తాకితే తేదీ. దీన్ని చూసేదానికి జనాలు యెట్ల వస్తారో చూడు."

మరి నేను, అని అడగాలనుకున్నాను. నా ముఖం చూసి ఆయనే చెప్పాడు. "నువ్వు యాడికీ పోవద్దులే. గాజు తుడ్చుకుంటా, అచ్చు కాగితాలు చించి ఇస్తా కూర్చో."

పెట్టెలో గాజుతో పాటు పలచటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. దాన్ని ఎవరూ ముట్టలేదు. ఆ రాత్రి నేను ఇంటికి తీసుకుపోయి రెండుసార్లు చదివాను.

మరుసటి రోజు బిగించడానికి టీవీలు, రేడియోలు బాగుచేసే ఆయన వచ్చాడు. దవడలో ఎప్పుడూ వక్కాకు ఉండేది. మానిటర్‌ను బల్ల మీద బోర్లా పెట్టి మరలు విప్పి వెనక డొప్ప ఊడదీశాడు. యజమాని తొంగి చూడబోతే ఒక్క అరుపు అరిచాడు.

"తాకద్దప్పా! కరెంటు తీసినా దీని కడుపులో ఉంటాది. గుర్రం తన్నినట్ల తంతాది."

పొడుగు స్క్రూడ్రైవర్‌కు తీగె చుట్టి లోపలి పిక్చర్ ట్యూబు గాజు బుడ్డి పక్కన ఉన్న రబ్బరు మూత కిందికి దూర్చాడు. చిటుక్కుమని శబ్దం వచ్చి, మిగిలిన కరెంటు దిగిపోయింది. లోపలంతా నల్లటి దుమ్ము, మామూలు దుమ్ము కాదు. రోజంతా వెలిగించే ఊదుబత్తుల పొగ, కర్పూరం మసి ఆ తెర వెనక చేరి, నూనె కలిపిన కాటుకలాగా పేరుకుపోయాయి. దాంట్లో ఒక బల్లి అట్టలాగా ఎండి అతుక్కుని ఉంది. ఆయన దాన్ని తోక పట్టి లాగి కిటికీలోంచి బయటికి వేశాడు.

గది మూలలో చాప మీద కూర్చున్న పెద్దాయన, అంటే యజమాని తండ్రి, పంచాంగం చేతిలోకి తీసుకోబోయి మళ్ళీ పక్కన పెట్టాడు. "బతికిండే బల్లి పడితే ఫలం చూడొచ్చు. చచ్చిన బల్లికి ఏమి ఫలం ఉండాదిలేప్పా."

వాళ్ళు ముగ్గురూ నవ్వారు. బల్లిని పట్టిన చేత్తోనే రిపేరాయన గాజు పలక ఎత్తుకుని, అంచుల చుట్టూ జిగురు టేపు వేసి, మానిటర్ ముఖం మీద అదిమి పెట్టాడు. ముందరి చట్రం మళ్ళీ పట్టలేదు. లోపలి అంచు ఆకురాయితో అరగదీసి, ఎలాగో కూర్చోబెట్టి మరలు బిగించాడు.

కంప్యూటర్ వేశారు. ముందు నాలుగు మూలలూ వరుసగా తాకమని తెర మీద వచ్చింది. రిపేరాయన తాకాడు. ఏమీ కాలేదు. ఆయన వేళ్ళు టంకం వేడికి కాలి కాలి, చెప్పు అట్టలాగా ఉంటాయి. యజమాని తాకాడు. ఆయన వేళ్ళకు పొద్దున్నుంచి రాత్రి దాకా విభూతి పొడి అంటుకుని ఉంటుంది. ఆయనకూ పలకలేదు. గట్టిగా నొక్కాడు, గోటితో కొట్టాడు.

"పీసు పోయినట్లుండాది" అన్నాడు రిపేరాయన. "కాఫీ తాగొచ్చి ఇప్పేస్తా. వాపస్ పంపిచ్చేయి."

ఇద్దరూ హోటలుకు వెళ్ళారు. పెద్దాయన చాప మీద, చిన్న అద్దం ఆనించి పెట్టిన గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి కదలిక ఆగింది.

నేను అలా కూర్చుని ఉంటే చాలు. అరగంటలో గాజు అట్టపెట్టెలోకి, కీబోర్డు నా ముందుకి వచ్చేవి. కానీ ఆ పుస్తకంలో ఒక వాక్యం చదివి ఉన్నాను. చర్మం మరీ పొడిగా ఉంటే తాకినట్టు దానికి తెలియకపోవచ్చు, వేలు కొద్దిగా తడిగా ఉంటే మంచిది. ఆ గదిలో ఆ వాక్యం తెలిసింది నాకొక్కదానికే. అది నిజమో కాదో చూడకుండా ఉండలేకపోయాను. నీళ్ళ కూజా పెద్దాయన తలాపున ఉంది. ఆయన్ని దాటి వెళ్ళాలి. చూపుడు వేలు నాలుకకు తగిలించుకుని మొదటి మూల తాకాను.

పలికింది. గుర్తు రెండో మూలకు పోయింది. వేలు మళ్ళీ నాలుకకు తగిలించినప్పుడు గాజు రుచి నోట్లోకి వచ్చింది. ఊదుబత్తి మసి, టేపు జిగురు, ఇంకేదో చేదు. బల్లి గుర్తొచ్చింది. అయినా ఆపలేదు. నాలుగో మూల తాకగానే తెర తుడుచుకుపోయి పన్నెండు నెలల గళ్ళు వచ్చాయి. ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే, గర్వంగా అనిపించింది.

వాళ్ళు తిరిగి వచ్చారు. "ఓ! వచ్చింది చూడప్పా!" అన్నాడు రిపేరాయన. "కొంచెం వేడెక్కల్ల ఇది. నేను చెప్పలేదా? ఏమమ్మా, నువ్వేమన్నా తాకితివా?"

లేదని తల ఊపాను. పూజా సామాన్ల అంగట్లో, కుంకుమ పెట్టిన యంత్రం మీద ఎంగిలి వేలు పెట్టానని ఏ నోటితో చెప్పను? యజమాని కీబోర్డు ఊడదీసి తువ్వాల్లో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు. నా కొంప నేనే ముంచుకున్నాను.

మర్నాడు కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టారు. మొదట వచ్చిన రైతు నెల మీద వేలు పెట్టాడు. పలకలేదు. ఆయన వెనకాల పదిమంది చూస్తున్నారు. యజమాని ముఖం నల్లబడింది. అప్పుడు పెద్దాయన చాప మీంచి లేచాడు. బొటనవేలు నాలుక మీద రాసుకుని, పంచాంగంలో పేజీ తిప్పేటట్టే, తెర మీద తోశాడు. తేదీల గళ్ళు వచ్చాయి. అందరూ ఓహో అన్నారు.

"చూస్తిరా!" అన్నాడు పెద్దాయన. "నలభై ఏండ్లు లెక్కల పుస్తకం తిరగేసిన నాలికప్పా ఇది. ఈ ఉపాయం నాది. వేలు నాలిక్కి అంటించుకోండి, ఆమీట తాకండి. దానికి తడి కావల్ల."

ఆ రోజు నుంచి ఆయన కంప్యూటర్ పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. వచ్చిన ప్రతి మనిషికీ అదే పాఠం. "నాలిక్కి అంటించప్పా. సిగ్గు పడద్దమ్మా, అంటించు." వాళ్ళకు నేర్పాల్సిన అవసరం కూడా లేదు. నోట్లు లెక్కపెట్టేటప్పుడు, సంతలో పొట్లం కాగితం విడదీసేటప్పుడు పుట్టినప్పటి నుంచీ చేస్తున్నదే. నెలకు ఒకసారి, తేదీకి ఒకసారి, గంటకు ఒకసారి, నక్షత్రానికి ఒకసారి. ఒక్క జాతకానికి ఏడెనిమిది సార్లు నోట్లోకి వేలు, గాజు మీదికి వేలు. ఒకరి ఉమ్మి మీద ఇంకొకరి వేలు పడేది, ఆ వేలు మళ్ళీ ఆ ఇంకొకరి నోట్లోకి పోయేది. ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఇంట్లో ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు ముట్టని వాళ్ళు, చెంబు ఎత్తి గొంతులో పోసుకునేవాళ్ళు, వాళ్ళే!

నా చేతికి పాత పంచె చింపి గుడ్డలు ఇచ్చారు. మనిషి మనిషికీ గాజు తుడవాలి. వక్కాకు ఎరుపు, పొగాకు పసుపు, వేరుశనగ పొట్టు. జలుబు చేసిన ఒకావిడ ముక్కు చీది, అదే వేలు నాలుకకు తగిలించి రోహిణి నక్షత్రం మీద పెట్టింది. ఒకాయన పళ్ళ సందులో ఇరుక్కున్నది గోటితో తీసుకుంటూ, మధ్యమధ్య తేదీలు తాకాడు. తెరకు దుమ్మును లాక్కునే గుణం ఉంది. ఆ తడి మీద ఊదుబత్తి మసి చేరి నల్లటి ముద్దలాగా అయ్యేది. మధ్యాహ్నానికి మానిటర్ వేడెక్కితే గాజులోంచి వాసన వచ్చేది. నిద్ర లేవగానే మనిషి నోటి నుంచి వచ్చే వాసన. ఎన్ని ఊదుబత్తులు వెలిగించినా దాని కింద ఆ వాసన తెలుస్తూనే ఉండేది.

డబ్బాలో పెట్టుకుపోయిన పెరుగన్నం మూత తీయకుండా ఇంటికి తిరిగి తెచ్చేదాన్ని. పిన్ని చూసి కోప్పడేది. "యెన్నిసార్లు కడుగుతావే ఆ చేతులు? సబ్బంతా కరిగిపాయ. ఏమంటిచ్చుకున్న్యావు?" డైరీ తీసి రాసుకునేదాన్ని. అందరికంటే ఎక్కువ అసహ్యం పెద్దాయన మీద. ఆయన పెదవుల మూలల్లో తెల్లగా ఎండిన ఉమ్మి గురించి, గోరు చుట్టూ పసుపెక్కిన ఆ బొటనవేలి గురించి, "ఈ ఉపాయం నాది" అని ప్రతి వాళ్ళకూ చెప్పుకునే గొప్పల గురించి ఎన్ని పేజీలు రాశానో. ఆయన ఆ మాట అన్న ప్రతిసారీ నా నాలుక మీద ఆ చేదు మళ్ళీ వచ్చేది.

ఐదో నెలలో నాకు ఒక ఆలోచన వచ్చింది. పోస్టాఫీసులో స్టాంపులు తడపడానికి గిన్నెలో నీళ్ళు పెడతారు కదా, అలాగే ఇక్కడా పెడితే? నోటితో చెప్పలేక చీటీ మీద రాసి యజమాని గల్లాపెట్టె మీద పెట్టాను. ఆయన చదివి, "మంచిదేనమ్మా" అన్నాడు. అంగట్లోంచి చేతికి దొరికిన రాగి పంచపాత్ర తీసి, నీళ్ళు పోసి, కంప్యూటర్ పక్కన పెట్టాడు. పంచపాత్ర వద్దు, మామూలు గిన్నె పెట్టండి అనాలని నాకు అనిపించింది. అనలేదు.

జనం ఏం చేశారంటే, అలవాటు కొద్దీ ముందు వేలు నాలుకకు తగిలించుకున్నారు. తర్వాత నీళ్ళలో ముంచారు. తర్వాత గాజు తాకారు. మళ్ళీ నోట్లోకి, మళ్ళీ నీళ్ళలోకి. మధ్యాహ్నానికి ఆ నీళ్ళు లేత ఎరుపు రంగులోకి వచ్చాయి. అడుగున వక్క పొడి. పారబోసి కొత్త నీళ్ళు పోద్దామని లేచేలోపల సోమేనహళ్ళి నుంచి ఒక అవ్వ వచ్చింది. చంకలో మూడు నెలల పసిబిడ్డ. మనవరాలికి జాతకం కట్టించాలట.

అవ్వ చెప్పులు గడప బయట విడిచింది. కుంకుమ పెట్టిన మానిటర్ చూసింది, పక్కన రాగి పంచపాత్ర చూసింది. కళ్ళకు అద్దుకుని, కుడి చెయ్యి గుంటగా పట్టి, పాత్ర వంచి నీళ్ళు పోసుకుంది. మూడుసార్లు నోట్లో వేసుకుంది. తడి చెయ్యి తలకు రాసుకుంది.

నేను లేచి నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను. "అవ్వా, తాగద్దు" అనే రెండు మాటలు. అవి రాలేదు. అందరూ నా వైపు చూస్తారనే భయం తప్ప వేరే కారణం లేదు. అవ్వ వేలి కొసతో ఇంకొక చుక్క తీసి పసిబిడ్డ పెదవులకు రాసింది. బిడ్డ చప్పరించింది.

యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. "తీర్థమనుకునిందప్పా ముసిలామె! మంచిదే కదా. రేపు దాంట్లో రెండు తులసాకులు వేసి పెట్టమ్మా."

పెద్దాయన మాత్రం నవ్వలేదు. లేచి పాత్ర తీసుకుపోయి నీళ్ళు కాలవలో పారబోసి, పాత్రను బోర్లించాడు.

ఆ రాత్రి డైరీలో ఏమీ రాయలేదు. పసిబిడ్డ చప్పరించడమే కళ్ళ ముందు ఉంది. ఎవరిని అసహ్యించుకోవాలో వెతుక్కుంటే అది నా దగ్గరికే వచ్చి ఆగింది. ఆ రోజు నేను గమ్మున కూర్చుని ఉంటే గాజు బెంగుళూరుకు పోయేది. ఈ రోజు గమ్మున ఉండకుండా ఉంటే ఆ బిడ్డ నోట్లో అది పడేది కాదు. రెండుసార్లూ తప్పే చేశాను.

పొద్దున్నే అంగడికి వెళ్ళి, కూర్చోకుండా, యజమాని ముందు నిలబడ్డాను. పుట్టి బుద్ధెరిగాక నేను అంత గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి.

"కీబోర్డు బయటికి తీయండి. వాళ్ళు చెప్తారు, నేను కొడతా. ఎవరూ ఏమీ తాకద్దు. లేకుంటే నేను రాను."

ఆయన కోప్పడలేదు. వింతగా చూశాడు. "నీకు మాటలు వస్తాయామ్మా?" అన్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "జనాలు వచ్చేది జాతకానికి కాదు, తాకేదానికి. కీబోర్డు పెడితే యెవరొస్తారు? తుడిచేదానికి ఇంకెవరన్నా దొరుకుతారు. నీ ఇష్టం."

బీరువా వైపు చూశాను. తాళం వేసే ఉంది. సొరుగులోంచి లైబ్రరీ పుస్తకం తీసుకున్నాను. గుడ్డను మేకుకు తగిలించాను. గాజు మీద అప్పటికే ఎవరిదో వేలిముద్ర తడిగా మెరుస్తోంది. తుడవలేదు.

గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే పెద్దాయన వెనకాలే వచ్చాడు. దగ్గరికి వస్తే ఆ వాసన. నేను అనుకోకుండా ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన అది గమనించాడు, తనూ ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడ్డాడు. లోపల ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించాడు. ఆ తర్వాత నేను ఆ వీధిలోకి మళ్ళీ పోలేదు, ఆయన్ని మళ్ళీ చూడలేదు.

"పొయ్యి రామ్మా. గాజు బిగించిన పొద్దు నాకు నిద్ర పట్టలేదులే, గోడపక్క అద్దంలో అంతా కనపడతాండె. మొదుట వేలు పెట్టింది నువ్వని యెవురికీ చెప్పలేదు. ఆడబిడ్డని నగుతారని, నాదేనని చెప్పేసినా."